గోడలో దాగిన గొట్టములు

కెనడా దేశమున శీతకాలము మిక్కిలి తీవ్రము. నీరు గడ్డకట్టినపుడు దాని పరిమాణము సుమారు 9 శాతము పెరుగును. ఆ ఒత్తిడికి గొట్టము పగులును. కావున అచ్చట క్రొత్త యింటికి నీరు తెచ్చు గొట్టమును, చలికి నేల గడ్డకట్టు లోతుకంటెను దిగువగా పాతుదురు.

ఇండ్లు పెక్కు కొయ్యచట్రములతో కట్టబడును. గొట్టములు ఆ చట్రముల నడుమ సాగును. ప్రతి తొట్టి క్రిందను మురుగుగొట్టమునకు ఒక వంపు ఉండును. అందు నిలిచిన నీరు దుర్వాయువును ఇంటిలోనికి రానీయదు. కప్పుపైకి పోవు గాలిగొట్టము ఆ నీరు లాగబడిపోకుండ కాపాడును.

గోడపలకలు బిగింపకమునుపే గొట్టములలో నీరో గాలియో నింపి పరీక్షింతురు. తనిఖీ అధికారి సమ్మతించిన పిదపనే గోడ మూయుదురు. మూసిన పిమ్మట పనిలోని లోపము కానరాదు. తడిసిన గోడయే దానిని చాటును. బాలలారా! ఎవరికిని కనబడని పనిని సైతము శ్రద్ధతో చేయువాడే ఉత్తముడైన పనివాడు.