పసిపిల్లలలో మూత్రము ఎగదన్నుట – కోత లేని చికిత్స

మూత్రపిండముల నుండి మూత్రము రెండు సన్నని నాళముల ద్వారా మూత్రాశయమును చేరును. ఈ నాళము ఆశయపు గోడలో ఏటవాలుగా కొంత దూరము సాగి లోపల తెరచుకొనును. ఆశయము నిండినప్పుడు ఆ భాగము అదుముకొని దానంతటదే మూసుకొనిపోవును. కొందరు శిశువులలో అది పుట్టుకతోనే పొట్టిగా నుండుటచే మూత్రము తిరిగి పైకి పోవును. వైద్యులు దీనిని 'రిఫ్లక్స్' అందురు. 'ఎగదన్నుట' అను మన వాడుకమాటయే నాకు ఎక్కువ తగినదిగా తోచుచున్నది.

దీనికి సూక్ష్మజీవులు తోడైనచో మూత్రపిండము వాచి, మచ్చలు పడి, ముందు ముందు రక్తపు పోటుకు దారితీయవచ్చును. పసిబిడ్డ నొప్పి చెప్పలేదు. తరచుగా జ్వరమొక్కటే పైకి కనబడును. దగ్గు, జలుబు లేని జ్వరమునకు మూత్రపరీక్ష చేయింపక మాత్రలతో సరిపుచ్చుట మన ఇండ్లలో పరిపాటి.

తీవ్రతను బట్టి దీనిని ఐదు తరగతులు చేసిరి. తక్కువ తరగతులవి పెక్కు వయస్సుతో తగ్గును. తీవ్రమైనవానికి పూర్వము పొట్ట కోసి నాళమును మరల అమర్చుటయే మార్గము. 1984లో డబ్లిన్ వైద్యులు ఓడానెల్, పురి మరియొక పద్ధతిని ప్రకటించిరి: మూత్రమార్గము గుండా సన్నని దుర్భిణిని పంపి, నాళముఖము క్రింద సూదితో టెఫ్లాన్ ముద్దను ఎక్కించుట. ఉబ్బెత్తుగా లేచిన ఆ చోటు నాళమునకు ఆనుడుగా నిలుచును. కోత లేదు, కుట్టు లేదు; మత్తు మాత్రము తప్పదు. అయితే టెఫ్లాన్ రేణువులు ఇతర అవయవములకు కొట్టుకొనిపోవునని జంతువులపై పరిశోధనలో తేలినది. పిమ్మట స్వీడనులో రూపొందిన డెక్స్‌ట్రానోమర్-హయలురోనిక్ ఆమ్లపు జెల్ వాడుకలోనికి వచ్చినది. అమెరికా 2001లో దానికి అనుమతి నిచ్చెను. బిడ్డ సాధారణముగా ఆనాడే ఇల్లు చేరును. తీవ్రదశలో ఫలితము కోతచికిత్సకు సాటిరాదు; మరల సూది వేయవలసి రావచ్చును. ఆ పిదప జ్వరము వచ్చినను మూత్రపరీక్ష అవసరమే.