మునసబు కోర్టు కొలువు

న్యాయశాస్త్రము నభ్యసించు విద్యార్థులలో పెక్కుమంది చూపు హైకోర్టుమీదను, అంతకు మించి సుప్రీంకోర్టుమీదను నిలుచుట సహజమే. అయినను, మన పల్లెలలోని సామాన్యుడు జీవితకాలములో ఒక్కమారు న్యాయస్థానపు మెట్లెక్కవలసివచ్చినచో, అతడెక్కునవి సాధారణముగా సమీప పట్టణములోని జూనియర్ సివిల్ జడ్జి కోర్టు మెట్లే. పెద్దలు నేటికిని మునసబు కోర్టని వ్యవహరించు ఈ చిన్న న్యాయస్థానములో, పెక్కుచోట్ల ఒకే వ్యక్తి సివిల్ న్యాయాధిపతియై పొలముగట్టు తగవును, ప్రామిసరీ నోటు దావాను, ఇంజంక్షను పిటిషనును విచారించి, అదే పీఠముపై నుండి ప్రథమశ్రేణి జుడీషియల్ మేజిస్ట్రేటుగా కొట్లాట కేసును, చెక్కు బౌన్సు కేసును, భర్త విడనాడిన స్త్రీ మనోవర్తి కొఱకు పెట్టుకొన్న పిటిషనును పరిష్కరించుచుండును. ఆ పీఠమునకుగాని, దాని క్రింద కాగితముల కట్టల నడుమ నున్న గుమాస్తా బల్లకుగాని చేరదలచిన యువతీయువకులకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారము ప్రథమశ్రేణి మేజిస్ట్రేటు మూడు సంవత్సరములకు మించని కారాగారశిక్షను, ఏబది వేల రూపాయలకు మించని జరిమానాను విధింపవచ్చును. ఈ అంకెలను చూచి ఇది అల్పాధికారమని తలచుట పొరపాటు. అరెస్టయిన మనుష్యుని ఇరువదినాలుగు గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని రాజ్యాంగము 22వ అధికరణములో శాసించినది గదా! ఆ ఆజ్ఞ ఆచరణలో నిజమగుటయో, కేవలము కాగితమగుటయో, ఆదివారమునాడు పోలీసులు ఇంటిముందు నిలబెట్టిన ముద్దాయిని తేఱిపాఱజూచి 'నిన్నెవరైన కొట్టినారా?' అని అడుగు మేజిస్ట్రేటు శ్రద్ధపైననే ఆధారపడియుండును. అర్ధరాత్రివేళ ఆసుపత్రినుండి కబురు వచ్చినచో, కాలిన దేహముతో కొనయూపిరి నున్న స్త్రీ మంచముచెంత కూర్చుండి, ఆమె స్పృహలో నున్నదని వైద్యునిచే ధ్రువపఱపించుకొని, చుట్టుపట్ల నున్న బంధువులను వెలుపలికి పంపి, మరణవాఙ్మూలమును ఆమె మాటలలోనే వ్రాసికొనవలసినవాడును అతడే. ఏ పాఠ్యగ్రంథమును ఈ పనికి కావలసిన స్థైర్యమును నేర్పజాలదు.

కార్యనిర్వాహక శాఖనుండి న్యాయశాఖను వేఱుచేయవలెనని రాజ్యాంగము 50వ అధికరణమున ఆదేశించినను, దేశవ్యాప్తముగా జుడీషియల్ మేజిస్ట్రేటుల వ్యవస్థ హైకోర్టుల అదుపులోనికి సంపూర్ణముగా వచ్చినది 1974 ఏప్రిల్ 1న అమలైన క్రిమినల్ ప్రొసీజరు కోడుతోనే. కావున నేటి మేజిస్ట్రేటు కలెక్టరుకుగాని, పోలీసు అధికారికిగాని, మంత్రికిగాని లోబడినవాడు కాడు. ఈ స్వాతంత్ర్యమే ఈ ఉద్యోగమునకు నిజమైన ఆభరణమని నా అభిప్రాయము. గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కులను పార్లమెంటు సైతము హరింపజాలదని 1967లో తీర్పు చెప్పిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు యౌవనమున కొంతకాలము బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసినవారే.

ఇక మార్గమును గూర్చి. ఉభయ తెలుగు రాష్ట్రములలోను ఈ నియామకములను ఆయా హైకోర్టులే నిర్వహించుచున్నవి. మొదట బహుళైచ్ఛిక ప్రశ్నలతో వడపోత పరీక్ష, పిమ్మట సివిల్ చట్టములు, క్రిమినల్ చట్టములు, ఇంగ్లీషు అను మూడు వ్రాతపరీక్షలు, చివరకు మౌఖిక పరీక్ష ఉండును. కనీసము మూడేండ్లు న్యాయవాదిగా పనిచేసినవారే ఈ పదవికి అర్హులని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. 2002లో తొలగిన నిబంధన ఈ విధముగా తిరిగి వచ్చినది. వయోపరిమితి, రిజర్వేషను మొదలగు వివరములకు ప్రతి నోటిఫికేషనును స్వయముగా చదువుకొనవలెనేగాని కోచింగు సెంటరు కరపత్రమును నమ్మరాదు. రెండవ జాతీయ న్యాయ వేతన సంఘము సిఫారసుల ననుసరించి మూలవేతనము 77,840 రూపాయలతో ఆరంభమగును.

ఆ మూడేండ్లను నిరీక్షణగా భావించువారిని చూచిన నాకు విచారము కలుగును. పట్టణములో గది నద్దెకు తీసికొని, వకాల్తాపై పేరు మాత్రముంచి, గైడుపుస్తకములను వల్లెవేసినవాడు పరీక్షలో ఉత్తీర్ణుడు కావచ్చునేమోగాని, మొదటి సాక్షి బోనెక్కిననాడు తడబడును. చిన్న ఊరిలో పని యెక్కువగా నున్న సీనియరు నాశ్రయించి, ప్లెయింటు వ్రాయుట, ఫైలింగు సెక్షనులో రిటర్నయిన దావాను సరిదిద్ది మరల దాఖలు చేయుట, పల్లెటూరి సాక్షిని అదరింపక బెదరింపక ప్రశ్నించుట నేర్చుకొనవలెను. సాక్షి తెలుగులో చెప్పును. వాఙ్మూలము పెక్కుమారులు ఇంగ్లీషులో నమోదగును. అప్పీలులో పైకోర్టు చదువునది ఆ వ్రాతనే. రైతు మాటలోని అర్థము ఆ బదిలీలో రవంత ఒఱిగినను అతని ఎకరము భూమి చేజారిపోవచ్చును. ఇంగ్లీషు పరీక్షలో అనువాదమునకు చోటిచ్చుటలోని ఔచిత్యమిదియే.

గుమాస్తా పనిని తక్కువగా చూచుట మన సంఘములో పాతుకొన్న దురభ్యాసము. దావా దాఖలైననాడు కోర్టుఫీజు చాలినదా, కాలపరిమితి దాటినదా, ప్రతివాదులకు నకళ్లున్నవా అని పరిశీలించి నెంబరు వేయించునది ఆ గుమాస్తాలే. ఏ రోజు ఏ కేసు పిలువవలెనో పట్టికలో నెక్కించి, సాక్ష్యపత్రములకు వరుస గుర్తులు వేసి, వాయిదాతేదీలను ఈ-కోర్టుల కంప్యూటరులో నమోదు చేయునది బెంచి క్లర్కు. జామీనుదారుల కాగితములు సాయంత్రమునకు ఆమోదము పొందినను, విడుదల ఉత్తర్వు తయారగుటలో గుమాస్తా అలసత్వము వహించినచో ఒక మనుష్యుడు ఆ రాత్రియు జైలులోనే గడపును. ప్రాసెస్ సర్వరు చెట్టునీడను కూర్చుండి 'తలుపు తాళము వేసియున్నది' అని సమనుపై వ్రాసి తెచ్చినచో, ఏమియు నెఱుగని ప్రతివాదిపై ఏకపక్షముగా డిక్రీ పుట్టవచ్చును. వీరికి తీర్పు చెప్పు అధికారము లేదు. తీర్పును చెఱుపగల శక్తి మాత్రము నిండుగా నున్నది.

ఈ కొలువులకును హైకోర్టుల పర్యవేక్షణలోనే నోటిఫికేషనులు వెలువడుచుండును. జూనియర్ అసిస్టెంటుకు సాధారణముగా పట్టభద్రత, టైపిస్టుకు దానితోపాటు ఇంగ్లీషు టైపులోను, స్టెనోగ్రాఫరుకు టైపుతోపాటు ఇంగ్లీషు షార్ట్‌హ్యాండులోను హయ్యర్ గ్రేడు, ప్రాసెస్ సర్వరుకు పదవ తరగతి అర్హతలు. జూనియర్ అసిస్టెంటుగా చేరినవారు సీనియర్ అసిస్టెంటై, అనుభవముతో సూపరింటెండెంటు స్థానమును పొందుటయు కలదు. వృద్ధురాలు తీర్పు నకలు కొఱకు వచ్చినప్పుడు చేయి చాపనివారే ఈ బల్లచెంతకు రావలెనని నేను గట్టిగా కోరుచున్నాను. అట్టి నిగ్రహము లేనివారికి వేఱు ఉద్యోగములు చాలగలవు.

న్యాయాధికారికి కావలసిన నిగ్రహము ఇంకొక విధమైనది. కొన్నేండ్ల కొకసారి బదిలీ తప్పదు. ఉన్నయూరిలో పెండ్లివిందులకును, సన్మానసభలకును, న్యాయవాదుల, నాయకుల స్నేహగోష్ఠులకును దూరముగా నుండవలెను. ఈ ఏకాంతమును కుటుంబమును భరింపవలసియుండును గనుక, దరఖాస్తుకు ముందే ఇంటివారితో మాటలాడుకొనుట మేలు.

విద్యార్థులారా, నిర్ణయించుకొనుటకు ముందు మీ ఊరికి దగ్గఱనున్న కోర్టులో కొన్ని దినములు ఉదయము పదిన్నర మొదలు వెనుక బెంచీపై కూర్చుండి చూడుడు. విచారణ సాధారణముగా బహిరంగమే గనుక, నిశ్శబ్దముగా కూర్చుండువారిని ఎవరును కాదనరు.