పోటీ పరీక్షల ప్రత్యేకం: ఇంటి క్రయవిక్రయాలు – చట్టాలు

ఒమన్ రాజధాని మస్కట్‌లోని ఘుబ్రాలో ఉంటూ సొంతూర్లో ఇల్లు కొనే తెలుగువారికి ఎదురయ్యే సందేహాలే పరీక్షల్లోనూ ప్రశ్నలవుతాయి.

1. ఎన్నారైలు భారత్‌లో ఏవి కొనవచ్చు?
ఫెమా చట్టం (1999) నిబంధనల ప్రకారం నివాస, వాణిజ్య ఆస్తులు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనరాదు. వారసత్వంగా పొందవచ్చు.

2. రిజిస్ట్రేషన్ తప్పనిసరా?
ఆస్తి బదిలీ చట్టం (1882) సెక్షన్ 54 ప్రకారం రూ.100, ఆపై విలువైన స్థిరాస్తి అమ్మకానికి తప్పనిసరి. రిజిస్ట్రేషన్ చట్టం (1908) సెక్షన్ 23 ప్రకారం దస్తావేజు రాసిన 4 నెలల్లోగా దాఖలు చేయాలి.

3. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ)తో యాజమాన్యం వస్తుందా?
రాదు. సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు 2011లో ఈ విషయం స్పష్టం చేసింది. అయితే విదేశంలో ఉన్నవారు తమ తరఫున సంతకానికి నమ్మకస్తుడికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. అది భారత్‌కు చేరిన 3 నెలల్లోగా స్టాంపు సుంకం చెల్లించాలి.

4. బిల్డర్ ఎంత అడ్వాన్స్ తీసుకోవచ్చు?
రెరా చట్టం (2016) సెక్షన్ 13 ప్రకారం రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించరాదు.

5. ఒమన్‌లో విదేశీయులు ఇల్లు కొనవచ్చా?
సమీకృత పర్యాటక సముదాయాల్లో కొనేందుకు 2006 నాటి 12వ రాజశాసనం వీలు కల్పించింది. ఉదాహరణ: మస్కట్‌లోని అల్ మౌజ్.

గుర్తుంచుకోండి: కొనేముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు తప్పక పరిశీలించాలి. సెక్షన్లు, సంవత్సరాలను జతలుగా చదివితే పరీక్షలో మార్కులు వస్తాయి, జీవితంలో కష్టార్జితం నిలుస్తుంది.