నాలుగంకణాల ఇల్లు

కూడు, గుడ్డ, గూడు – ఈ మూడింటినీ మానవుని కనీసావసరాలుగా పెద్దలు చెప్పారు. మొదటి రెండింటిలో జరిగిన పొరపాటును మరునాడు సరిదిద్దుకోవచ్చు. గూటి విషయంలో జరిగిన పొరపాటు మాత్రం ఒక తరమంతా వెంట వస్తుంది. రావులపాలెంలో చదువు ముగించి గౌతమి వంతెన దాటే మన విద్యార్థులలో అనేకులు రేపు విశాఖపట్టణంలోనో హైదరాబాదులోనో చిన్న ఇళ్లలో కాపురం పెట్టవలసినవారే. కనుక చిన్న ఇంటిని ఏ విధంగా రూపొందించుకోవాలో ఆలోచించడం అవసరమని భావిస్తున్నాము. తెలుగు బోధించే మాకు గృహనిర్మాణంతో పని ఏమని కొందరికి సందేహం కలగవచ్చు. ఈ శాస్త్రానికి కీలకమైన మాట ఒకటి తెలుగులోనే ఉన్నది. అదే మాకు ఈ సాహసాన్ని కలిగించింది.

అంకణమే ప్రమాణం

ఆ మాట 'అంకణం'. రెండు దూలాల నడుమ గల చోటును అంకణం అంటారు. పూర్వం ఇంటి పరిమాణాన్ని గదులతో గాక అంకణాలతో చెప్పుకునేవారు. ఎన్ని అంకణాల ఇల్లో చెబితే ఎంత కలప కావాలో వడ్రంగికి అంచనా అందేది. నెల్లూరు సీమలో నేటికీ ఇంటి స్థలాన్ని అంకణాలతోనే కొలుస్తారు. అక్కడ అంకణమంటే 72 చదరపు అడుగులు.

నేటి ఇంజనీర్లు 'మాడ్యూల్' అని పిలిచేది కూడా ఇటువంటిదే. ఒక ప్రమాణాన్ని నిర్ణయించుకొని, ఇంటిలోని సమస్త భాగాలనూ దాని గుణిజాలుగా అమర్చడమే మాడ్యులర్ పద్ధతి. మన దేశంలో ఈ మూల ప్రమాణం 100 మిల్లీమీటర్లు. ప్రామాణికమైన ఇటుక కొలతలు 190, 90, 90 మిల్లీమీటర్లు. పది మిల్లీమీటర్ల సిమెంటు అతుకు చేరితే అవి 200, 100, 100 అవుతాయి. గోడ పొడవు, తలుపు వెడల్పు, కిటికీ ఎత్తు ఈ లెక్కకు సరిపోతే ఇటుకను ముక్కలు చేయవలసిన పని తగ్గుతుంది, వ్యర్థమూ తగ్గుతుంది.

ఈ పద్ధతిని మరింత ముందుకు తీసుకొనిపోయి, గదులనే విడిగా తయారుచేసి పేర్చినవారున్నారు. కెనడాలోని మాంట్రియల్ నగరంలో 1967లో మోషె సాఫ్డీ 354 కాంక్రీటు పెట్టెలను పేర్చి 'హాబిటాట్ 67' నిర్మించాడు. టోక్యోలో 1972లో కిషో కురొకావా 140 చిన్న గదులతో 'నకగిన్' భవనాన్ని కట్టాడు. పాతబడిన గదిని తీసి కొత్తది తగిలించాలన్నది ఆయన ఆశయం. అయితే అర్ధశతాబ్దిలో ఒక్క గదినీ మార్చలేకపోయారు. 2022లో ఆ భవనాన్నే విప్పివేశారు. మార్చుకోవచ్చునని కాగితంపై వ్రాసినంత మాత్రాన ఇల్లు మారదని ఈ ఉదాహరణ బోధిస్తున్నది.

మన ముంగిటి ఉదాహరణ

దూరదేశాల మాట అటుంచి, మన రాష్ట్రంలోని టిడ్కో ఇళ్లను పరిశీలిద్దాము. రాజమహేంద్రవరం, కాకినాడ మొదలైన పట్టణాలలో పేదల కోసం చేపట్టిన ఈ ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల చొప్పున మూడు రకాలు. నెల్లూరు కొలతలో చూస్తే ఇవి ఇంచుమించు నాలుగు, ఐదు, ఆరు అంకణాలు! యాదృచ్ఛికమే అయినా ఈ లెక్క మాకు ఆశ్చర్యాన్ని కలిగించింది.

ఈ ఇళ్లలో గోడలనూ కప్పునూ కాంక్రీటుతో ఏకఖండంగా పోతపోస్తారు. పని త్వరగా సాగుతుంది. కట్టడం దృఢంగా ఉంటుంది. అయితే ఆ గోడలే భవనం బరువును మోస్తాయి. అందువల్ల తరువాత ఎవరూ ఒక గోడను తొలగించరాదు, కొత్తగా కిటికీ తెరవరాదు. పెంకుటింటిలో గోడ జరుపుకున్నట్లు ఇక్కడ జరుపుకోవడం సాధ్యం కాదు. కాబట్టి ఆలోచన అంతా కాంక్రీటు పోయకముందే పూర్తి కావాలి.

సుద్దముక్కతో ఒక పాఠం

ఒకనాడు మేము కళాశాల వరండాలో సుద్దముక్కతో 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల దీర్ఘచతురస్రాన్ని గీసి, ఐదుగురు సభ్యుల కుటుంబానికి ఇందులో ఇల్లు అమర్చమని విద్యార్థులను కోరాము. వారు మంచాలు, బీరువా, పొయ్యి, టీవీ అన్నిటికీ చోటు చూపారు. అప్పుడు ఒక విద్యార్థిని, "మాస్టారండీ, ఇందులో అమ్మ ఎక్కడ కూర్చుంటుందండీ?" అని అడిగింది. ఎవరూ సమాధానం చెప్పలేకపోయారు. కొంతసేపటికి మరొకరు, "పరీక్షల రోజుల్లో దీపం ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నారు. వస్తువులకు చోటు దొరికింది; మనుషులకు దొరకలేదు.

కనుక చిన్న ఇంటిని రూపొందించేటప్పుడు గదులను గాక, దినచర్యను లెక్కించాలి. ఉదయం నుండి రాత్రి వరకు ఎవరు, ఎక్కడ, ఏ పని చేస్తారో వ్రాసుకోవాలి. వేర్వేరు వేళల్లో జరిగే పనులకు ఒకే చోటు చాలు. మన పెద్దలకు ఈ విద్య తెలుసు. పగలు గోడకు నిలబెట్టిన నులకమంచం రాత్రి పడక అయ్యేది. దస్తర్‌ఖాను పరిస్తే భోజనశాల, మడిస్తే చదువుకునే గది. గోడలో గూడు, తలపై అటక, దూలానికి ఉట్టి – ఇవన్నీ నేలను ఆక్రమించని సదుపాయాలు. ఒకే వేళ జరిగే పనులకు మాత్రం విడి చోటు తప్పదు. చదువు, నిద్ర అటువంటివి. కనీసం ఒక తెరగాని, బల్ల పట్టేంత మూలగాని ఉండాలి.

కొన్ని కనీస కొలతలను విస్మరించరాదు. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం సాధారణంగా ఇంటిలో ఒకే గది ఉంటే దాని వైశాల్యం 9.5 చదరపు మీటర్లకు, వెడల్పు 2.4 మీటర్లకు తగ్గకూడదు. మనవంటి ఉక్కపోత ప్రాంతాలలో కిటికీలు మొదలైన తెరపుల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరవ వంతు ఉండాలి. ఎదురెదురు గోడలలో కిటికీలు ఉంటేనే గాలి ఆడుతుంది.

ఇంటి వెలుపలి అంకణం

కోనసీమ మండువా లోగిలిలో వెలుతురునూ గాలినీ వాననూ నడిమి వాకిలి అందరికీ పంచిపెట్టేది. వీధి అరుగు బాటసారికి సైతం ఆశ్రయమిచ్చేది. నాలుగంకణాల ఇంటిలో మండువా పట్టదు. కాని నాలుగు కుటుంబాలకు కలిపి మేడమెట్ల వద్ద ఒక అరుగు, వందిళ్లకు ఒక పఠనాలయం, ఒక చెట్టునీడ పడతాయి. ఇంటిలో ఇమడనిదానిని ఊరు ఉమ్మడిగా సమకూర్చినప్పుడే చిన్న ఇల్లు సంపూర్ణమవుతుంది. అది లేనప్పుడు చిన్న ఇల్లు ఇరుకు ఇల్లుగానే మిగులుతుంది.

ఈ సందర్భంలో కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన గ్రంథాలయాన్ని పరీక్షల మాసాలలోనైనా రాత్రి తొమ్మిది వరకు తెరచి ఉంచితే, ఒంటి గదిలో ఐదుగురితో నివసించే విద్యార్థికి మనం మరొక అంకణం కట్టి ఇచ్చినట్లే. దానికి ఇటుక అక్కరలేదు, సిమెంటు అక్కరలేదు. ఒక దీపం, ఒక బల్ల చాలును.