నెల్లూరు గిత్త

ఒంగోలు నుండి దక్షిణముగా కావలి మీదుగా నెల్లూరునకు పోవు బాటసారికి తూర్పున సముద్రపు గాలి తగులుచుండును. పడమట నల్లరేగడి చేలు కానవచ్చును. గుండ్లకమ్మ, మూసి, పాలేరు, మన్నేరు అను చిన్న నదులు ఈ సీమలో ప్రవహించుచున్నవి. వానకాలమున తప్ప వీనిలో నీరు విశేషముగా నుండదు. కృష్ణా గోదావరుల వలన తీరాంధ్రమునకు కలిగిన భాగ్యము ఈ మెట్టసీమకు పూర్వము లేదు. ఆకాశము వంక చూచి విత్తనము చల్లుటయే ఇచ్చటి వ్యవసాయము. అట్టి సీమలో పుట్టిన పశువొకటి సముద్రములు దాటి, నేడు వేరొక ఖండమున కోట్ల సంఖ్యలో మేయుచున్నది. ఆ పశువు కథయే ఈ పాఠము.

ఆంగ్లేయులు తమ పందెపు గుఱ్ఱముల వంశమును గూర్చి మిక్కిలి గర్వముతో చెప్పుకొందురు. ఆ మేలుజాతి గుఱ్ఱము లన్నియు మగవైపున మూడే మూడు గుఱ్ఱముల సంతతి. బైయర్లీ టర్కు, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనునవి వాని పేర్లు. 1791లో ఆ వంశావళిని గ్రంథముగా అచ్చువేయ నారంభించిరి. ఏ గుఱ్ఱమునకు తండ్రి ఎవరో, తాత ఎవరో ఆ గ్రంథము తెఱచి చూచిన తెలియును. మన నెల్లూరు సీమ రైతునకు అట్టి గ్రంథము లేదు. అతని యింటిలో కాగితమే యరుదు. అయినను తన దొడ్డిలోని గిత్త ఏ ఆవు కడుపున పుట్టినదో, ఆ ఆవు తల్లి ఏ యూరినుండి వచ్చినదో అతడు తడుముకొనకుండ చెప్పగలిగెడివాడు. ఆ సీమ యంతయు కంచెలేని యొక పెద్ద పశుక్షేత్రము.

దీనిని మనము ఒంగోలు జాతి యందుము. విదేశములలో నెల్లూరు జాతి యందురు. రెండును ఒకటియే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడువఱకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. కందుకూరు, కనిగిరి, పొదిలి తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువఱకు నెల్లూరులోనే యుండెను. కావున తొలినాళ్ళలో ఓడ నెక్కిన పశువులు నెల్లూరు పేరుతోనే పోయినవి. జిల్లాల హద్దులు మాఱినను అచ్చట ఆ పేరు మాఱలేదు.

ఇక దాని రూపమును చూతము. దేహము తెలుపు. మగదానికి తల, మెడ, మూపురము, మోకాళ్ళ యొద్ద బూడిదవన్నె కలిసిన నలుపు జీర లుండును. మూతి, కనురెప్పల వెండ్రుకలు, గిట్టలు, తోకకుచ్చు నల్లగా నుండవలెను. కొమ్ములు పొట్టివి, మొదట లావుగా నుండును. మెడక్రింద గంగడోలు మడతలు పడి వ్రేలాడును. మూపురము నిండుగా నిలిచి యుండును. నేను ఉపాధ్యాయుడనై యున్న చివరి సంవత్సరములలో ఒకనాడు ఎనిమిదవ తరగతి పిల్లలను ఒంగోలు గిత్త తోకకుచ్చు ఏ రంగు అని అడిగితిని. తెలుపనిరి, గోధుమరంగనిరి, ఒక్క పిల్లవాడు మాత్రము నలుపని చెప్పెను. అతని తాతకు ఒక జత ఎద్దు లుండెనట.

ఆ రూపము కేవలము అందమునకు కాదు. వదులుగా నున్న చర్మము, గంగడోలు దేహమునకు గాలి తగులు వైశాల్యమును పెంచి వేడిని వెలుపలికి పంపును. చెమటగ్రంథులు చలిదేశపు పశువులలో కన్న వీనిలో బాగుగా పనిచేయును. పొట్టి వెండ్రుకల తెల్లని దేహము ఎండను తిప్పికొట్టును. నల్లని చర్మము ఆ యెండ కాల్చకుండ కాపాడును. పిడుదులు, జోరీగలు సులువుగా వీనిని బాధింపజాలవు. మే నెలలో రేగడి నేల నెఱ్ఱెలు విచ్చినపుడును ఎండుచొప్ప తిని నిలువగల పశువిది.

నేల, మేత కూడ ఈ జాతిని తీర్చినవి. ఈ ప్రాంతపు భూములలో సున్నపు పాలు హెచ్చు. అది మేతద్వారా ఎముకలకు చేరునని పశుశాస్త్రజ్ఞులు చెప్పుదురు. రైతు జొన్న వేసిన గింజ తనకు, చొప్ప పశువులకు. పిల్లిపెసర, జనుము పశువుల కొఱకే చల్లెడివారు. బీళ్ళలో చెంగలి గడ్డి మొలచెడిది. కాడి కట్టు దినములలో ఉలవలు ఉడికించి పెట్టెడివారు. మగదూడ పుట్టినచో తల్లిపాలు చాలభాగము దానికే విడిచెడివారు. ఇంటిలోని బిడ్డలకు మజ్జిగతోనే సరి. రెండు మూడేండ్లు ఇట్లు పెంచిన కోడె జత కృష్ణా డెల్టాకో, నైజాము రాజ్యమునకో, అరవ దేశమునకో మంచి వెలకు పోయెడిది. బేరగాండ్రు తుండుగుడ్డ క్రింద చేతులు పెట్టి, నోటితో చెప్పక, వ్రేళ్ళు పట్టి బేరమాడుకొనెడివారు. పండ్లు చూచి వయస్సు, సుడులు చూచి శుభాశుభములు నిర్ణయించెడివారు. సుడుల మాట నేను నమ్మను గాని, ఆ నెపమున పశువు నంతను అంగుళమంగుళము పరీక్షించుట జరిగెడిది.

అన్నిటికన్న ముఖ్యమైనది అచ్చుపోసిన ఆబోతు. ఇంటిలో పెద్దవారు మరణించినపుడు వారి పుణ్యార్థము ఒక కోడెదూడను దేవుని పేర విడిచెడివారు. దానికి ముద్రవేసి విడిచిన పిమ్మట అది ఊరందఱి సొత్తు. ఎవరి చేనిలో మేసినను కొట్టరాదు, తోలరాదు, కాడి కట్టరాదు. ఇందులో మనము గమనింపవలసినది యొకటి కలదు. ఏ దూడయైన సరే యని విడిచెడివారు కారు. ఊరి పెద్దలు కూడి తల్లిని చూచి, నడక చూచి, ఎముక చూచి, ఇది తగునని యన్న దూడనే ముద్రవేసెడివారు. దేవునికి విడుచునది కొఱతగలది కాకూడదు గదా! తగని కోడెలను సంతానమునకు పనికిరాకుండ చేసి సేద్యమునకు మలపెడివారు. మేలైన దానిని తండ్రిగా నిలుపుట, కాని దానిని తొలగించుట. పశుశాస్త్రము నేడు బోధించునదియు ఇదియే. మన పల్లెటూళ్ళలో అది శ్రాద్ధకర్మలో నొక భాగముగా సాగినది.

సముద్రము దాటిన కథ 1868లో మొదలైనదని బ్రెజిలు దేశీయులు చెప్పుదురు. ఇంగ్లండునకు పోవు నొక ఓడ బ్రెజిలులోని సాల్వడారు రేవున ఆగినపుడు అందున్న ఒంగోలు జంట అచ్చట అమ్ముడుపోయెను. పదేండ్లకు, 1878లో, రియో ప్రాంతపు భూస్వామి మనోయెల్ లెంగ్రూబర్ జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాలలో ఈ పశువులను చూచి ముచ్చటపడి ఒక జతను కొని తీసికొనిపోయెను. మన దుక్కిటెద్దు నాడు యూరపులో వింతమృగముగా బోనులో నుండెనన్న మాట! బ్రెజిలులో అంతకుముందు యూరపు పశువులే యుండెను. ఆ యెండకు, పిడుదులకు అవి చిక్కిపోవుచుండగా మూపురపు పశువులు మెఱుగెక్కుచుండెను. డచ్చివారు 20వ శతాబ్ది తొలి దశకములలో తూర్పు ఇండియా దీవులలోని సుంబా ద్వీపమునకు ఒంగోలు పశువులను కొనిపోయిరి. ఇండోనేషియాలో నేటికిని వాని సంతతి ఒంగోలు పేరుతోనే పిలువబడుచున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో తయారైన బ్రాహ్మను జాతిలోను ఈ రక్తము కలదు.

దారి సుగమము కాలేదు. 1920లో భారతదేశమునుండి బ్రెజిలునకు పోవు మూపురపు పశువులు బెల్జియములోని ఆంట్వెర్పు రేవున దిగినపుడు వానితోబాటు రిండర్‌పెస్టు అను పశుమహామారి యూరపులో ప్రవేశించెను. ఆ భయము వలననే 1924లో ప్యారిసున అంతర్జాతీయ పశుఆరోగ్య సంస్థ పుట్టినది. బ్రెజిలులోను 1921లో అదే వ్యాధి కనబడగా దిగుమతులను నిషేధించిరి. పిదప 1930లో కొన్ని పశువులు పోయినవి. చివరి పెద్ద దిగుమతి 1960 తరువాతి రెండు మూడేండ్లలో జరిగినది. ఆ పశువులను నేరుగా దేశములోనికి రానీయక, అట్లాంటికు సముద్రములోని ఫెర్నాండో డి నొరోన్యా అను ద్వీపమున నెలల తరబడి వేఱుగా నుంచి, రోగము లేదని తేలిన పిమ్మటనే విడిచిరి. వానిలో ఒక గిత్త ఒంగోలు చేరువనున్న కరవది గ్రామమునకు చెందినది. టోరెస్ హోమెమ్ రోడ్రిగ్స్ డ కున్యా అను పశుపోషకుడు దానిని కొనిపోయెను. అచ్చటివారు దానికి ఊరి పేరే పెట్టి ‘కర్వాడి’ యనిరి. బ్రెజిలులోని నేటి మేలి వంశములలో పెక్కింటికి మూలపురుషుడు ఆ కర్వాడియే.

బ్రెజిలు వారు 1938లోనే ఈ జాతికి వంశావళి పుస్తకమును తెఱచిరి. ఉబెరాబా పట్టణము దానికి కేంద్రము. అన్ని మూపురపు జాతులను కలిపి భారతదేశమునుండి ఆ దేశమునకు పోయిన పశువులు ఏడువేలకు లోపే. నేడు ఆ దేశములోని ఇరువదికోట్లకు మించిన పశువులలో అధికభాగము మూపురపు జాతులవే. వానిలో నెల్లూరు రక్తము కలవే హెచ్చు. అచ్చట వీనిని ముఖ్యముగా మాంసమునకై పెంచుదురు. మన రైతునకు ఈ మాట కష్టముగా తోచును. కాని జరుగుచున్నది అదియే గనుక దాచుట తగదు. 2023లో వియాటినా-19 అను తెల్లని ఆవులో మూడవ వంతు హక్కు వేలములో అమ్ముడుపోయెను. దానినిబట్టి ఆవు మొత్తపు వెల నలుబదిలక్షల డాలర్లకు పైబడినది. దాని బరువు 1,100 కిలోలు.

మఱి పుట్టినింట ఏమైనది? క్షీణతకు విదేశ ఎగుమతియే కారణమని పలువు రందురు. మేలైన గిత్తలు పోవుట నష్టమే. కాని అది చిన్న కారణమని నా యభిప్రాయము. పోయినవి వందలు, వేలు. ఇంటనే తఱిగినవి లక్షలు.

మొదట పోయినది ఆబోతు. జొన్న చేనిలో ఆబోతు పడి నాలుగు కంకులు మేసిన ధర్మమని ఊరకుండిన రైతు, ఆ చేనిలోనే పొగాకు, మిరప, ప్రత్తి వేసిన పిమ్మట దానిని కఱ్ఱ తీసికొని తఱుమసాగెను. దేవుని పశువు దొంగపశువైనది. వాణిజ్యపు పంటలకు చొప్ప లేదు, బీళ్ళు దున్నబడినవి. నాగార్జునసాగరు కాలువ నీరు వచ్చిన చోట వరి వచ్చినది. సముద్రతీరమున రొయ్యల చెఱువులు వచ్చినవి. నీరు వచ్చుట ప్రజలకు మేలే. ఆ మేలును కాదనువాడను కాను. కాని మేతభూమి మాత్రము తిరిగి రాలేదు. పిదప ట్రాక్టరు వచ్చినది. కోడెదూడను పెంచిన ఆదాయము దాని కాడిబలము మీదనే యుండెను గదా! ఆ బలమును కొనువాడు లేకపోగా మగదూడ భారమైనది. ఇక ఆవును పాలచెంబుతోనే కొలువవలసి వచ్చినది. ఆ కొలతలో ముఱ్ఱా గేదెతోను, జెర్సీ సంకరపు ఆవుతోను ఒంగోలు ఆవు నిలువజాలలేదు. తరతరములుగా పాలు దూడకు విడిచి, ఎముకనే వెదకి యెన్నుకొన్న జాతి పాలలో వెనుకబడుటలో దాని తప్పేమున్నది? పిమ్మట ఒంగోలు ఆవులకే సంకరజాతి బీజము నెక్కించిరి; రెండు తరములలో మూపురము అణగిపోయినది.

ప్రభుత్వము చూచుచు ఊరకుండలేదు. గుంటూరు చేరువనున్న లాం, ప్రకాశము జిల్లాలోని చదలవాడ, రామతీర్థము, నంద్యాల చేరువనున్న మహానంది క్షేత్రములలో ఈ జాతిని పోషించుచు వచ్చిరి. లాం క్షేత్రమున పిండమార్పిడి పద్ధతిని కూడ వాడుచున్నారు. మేలైన ఆవు పిండములను సామాన్యమైన ఆవుల గర్భమున నుంచి, ఒక తల్లికి ఏటికి పెక్కు దూడలు కలుగునట్లు చేయుట ఆ పద్ధతి. నెల్లూరు జిల్లా కొండాపురము మండలములోని చింతలదేవి క్షేత్రము బ్రిటిషువారి నాటిది. 2014లో ఆరంభమైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ క్రింద దేశమున రెండు కామధేను కేంద్రములను నిర్ణయించినపుడు, దక్షిణాదికి ఆ చింతలదేవినే ఎన్నుకొనిరి. 2002లో హైదరాబాదున జాతీయ క్రీడలు జరిగినపుడు ‘వీర’ యను పేర ఒంగోలు గిత్తయే వాని చిహ్నమై యుండెను.

క్షేత్రములలోని మందకన్న జనులలో ఈ గిత్తను నిలిపినవి బండలాగుడు పందెములు. సంక్రాంతికి, శివరాత్రికి, ఊరి తిరునాళ్ళకు క్వింటాళ్ళ బరువుగల బండను కట్టి జతలచేత లాగింతురు. ఆ జతల వెల లక్షలలో నుండును. వానికి బాదములు, ఉలవలు పెట్టు శ్రద్ధ ముచ్చటగొల్పును. అయినను నాకొక సందేహము కలదు. పందెమునకు వలసినది మగదియే. జాతి నిలుచుట పెయ్యమీద నున్నది. పందెపు గిత్త మెడలో గంటల పట్టెడ కట్టువాడు, దాని తల్లిని ఎవరి దొడ్డినుండి కొనెనో, ఆ దొడ్డిలో ఇంకెన్ని ఆవులు మిగిలినవో అడుగుట అరుదు.

విజయవాడ నుండి మద్రాసునకు పోవు రైలుదారిలో ఒంగోలునకు కొంచెము ముందుగా కరవది స్టేషను వచ్చును. ఎక్స్‌ప్రెసు బండ్లు అచ్చట ఆగవు. పలకపై నల్లని అక్షరములతో ఆ యూరి పేరు వ్రాసి యుండును. ఉబెరాబాలోని వంశావళి పుస్తకములలో వేలకొలది పశువుల పేర్లకు పైన, తాత ముత్తాతల గడిలో, అదే పేరు పోర్చుగీసు లిపిలో వ్రాయబడి యున్నది.