నలుగురు మోసికొని వచ్చిన మనుష్యుడు

పాఠ్యభాగము: మార్కు 2:1–12, యాకోబు 5:13–16

కపెర్నహూములో పక్షవాయువుగలవానిని మోసికొని వచ్చిన ఆ నలుగురి పేరులు మార్కు వ్రాయలేదు. వారు అతనికి అన్నదమ్ములో, ఇరుగుపొరుగువారో మనకు తెలియదు. లోపలికి త్రోవ లేకపోగా ఇంటికప్పు విప్పిరని మాత్రము తెలియును. ప్రియ సహోదరులారా, ఈ పాఠము చదువునప్పుడు మన సంఘములోనే పడియున్న మరియొకని తలంచుకొనుడి. అతని కాళ్లు బాగుగానే యున్నవి. అవి ప్రతి సాయంకాలము అతనిని సారాయి దుకాణమునకే తీసికొని పోవుచున్నవి.

అట్టివానికి మనము సాధారణముగా చేయునదేమి? ప్రభువు బల్లకు దూరపరచుదుము. లేదా బైబిలుమీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టింతుము. ఆ ఒట్టు క్రిస్మసు వరకు నిలుచును, ఒక్కొక్కప్పుడు పండుగనాడే పోవును. అటుపిమ్మట అతడు త్రాగినందుకును, మాట తప్పినందుకును సిగ్గుపడి గుడికే రాకుండును. దండన అక్కరలేదని నేననను. గాని మానవలెనని నిజముగా కోరువానికి, తనవలెనే త్రాగి మానినవాని ప్రక్కన కూర్చుండుట మన గద్దింపుకంటె ఎక్కువ మేలు చేయును.

ఈ సంగతి 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణమున తేటపడెను. మానివేసి కొన్ని నెలలే అయిన బిల్ విల్సన్ అనునతడు న్యూయార్కునుండి వ్యాపారపు పనిమీద అక్కడికి వచ్చి, పని చెడిపోగా హోటలులో ఒంటరిగా నిలిచెను. ఒక ప్రక్క మద్యశాల, మరియొక ప్రక్క టెలిఫోను. అతడు ఒక పాదిరిగారికి టెలిఫోను చేసి, తనవంటి త్రాగుబోతు ఎవడైన కలడా, అతనితో మాటలాడవలెనని అడిగెను. ఆ మాట చేతులు మారి శస్త్రవైద్యుడైన డాక్టరు బాబ్ స్మిత్‌వరకు చేరెను. పావుగంటకంటె ఉండనని వచ్చిన డాక్టరు రాత్రి ప్రొద్దుపోవువరకు కూర్చుండెను. ఏలయనగా బిల్ ప్రసంగము చేయక తన కథ చెప్పెను. డాక్టరు చివరిసారి త్రాగిన 1935 జూన్ 10వ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసపు పుట్టినదినముగా ఎంచుదురు. ‘పేరు తెలుపని త్రాగుబోతులు’ అని దాని అర్థము, ఏ.ఏ. అని వాడుక. ఆ మొదటివారికి యాకోబు పత్రిక మిక్కిలి ప్రియము. వారి పండ్రెండు మెట్లలో అయిదవది తన తప్పులను దేవునియెదుటను మరియొక మనుష్యునియెదుటను ఒప్పుకొనుట. యాకోబు 5:16తో పోల్చి చూడుడి.

ఇది సంఘము కాదు. ఏ మతమువారైనను రావచ్చును. అక్కడ యేసు నామము పలుకరని కొందరు పెద్దలు సణుగుదురు. విరిగిన ఎముక కట్టించుకొనునప్పుడు వైద్యుని మతమడుగని మనము ఇక్కడ మాత్రము అడుగుట ఏల?

మన దేశమున ఈ సహవాసము 1957లో మొదలాయెను. హైదరాబాదు, విశాఖపట్టణము వంటి పట్టణములలో కూటములు జరుగుచున్నవి. దగ్గరి కూటము ఎక్కడనో తెలిసికొనుటకు జిల్లా ఆసుపత్రిలో త్రాగుడు మాన్పించు విభాగము ఉన్నయెడల అక్కడ విచారించుట మేలు. ప్రభుత్వమువారి 14446 అను ఫోను నంబరునకు ఖర్చు లేదు. వారు చికిత్సా కేంద్రముల జాడ చెప్పుదురు. కూటములు రెండు విధములు: బహిరంగ కూటమునకు ఎవరైనను పోవచ్చును, రెండవదానికి త్రాగుడు సమస్యగలవారు మాత్రమే. చందా లేదు, మాటలాడవలెనను బలవంతము లేదు. మానవలెనను కోరిక ఉన్న చాలును. అతని చేతికి చిరునామా కాగితమిచ్చి ఒంటరిగా పంపకుడి. పట్టణపు బస్సులో అతనితో కూర్చుండుడి. లోపలికి రానియ్యనియెడల టీ దుకాణమునొద్ద కనిపెట్టుడి.

అయితే ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి ప్రతిదినము ఎక్కువగా త్రాగినవాడు ఉన్నట్టుండి మానినయెడల వణుకు, చెమట, మూర్ఛ, లేనివి కనబడుట వంటివి రెండు మూడు దినములలో రావచ్చును; ప్రాణాపాయమును కలుగవచ్చును. కాబట్టి ముందు డాక్టరునొద్దకు, తరువాత కూటమునకు. ఉపవాస ప్రార్థన అని గదిలో పెట్టి తాళము వేయుట బహు అపాయకరము.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిమీద లేచిన సంగతి మన తల్లులకు జ్ఞాపకమున్నది. 1993లో సారాయి నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చెను. 1997లో అది సడలెను. చట్టములు వచ్చును, పోవును. తెరచియున్న దుకాణము ముందుగా నడచిపోవుటకు మనుష్యునికి తోడు కావలెను. ఆ కూటములలో జీవితాంతము త్రాగనని ఒట్టు పెట్టరు. ఈ ఒక్క దినము త్రాగను అందురు. అనుదినాహారము అడుగ నేర్చిన మనకిది క్రొత్త కాదు. అందుచేత, మానిన రెండవ ఆదివారమే అతనిని వేదిక ఎక్కించి సాక్ష్యము చెప్పించు వాడుకను దయచేసి విడువుడి. అతడు మరల పడినయెడల మరల బస్సు ఎక్కించుడి.

భార్యాబిడ్డల సంగతి మరువకుడి. వారి కొరకు అల్-అనాన్ అను వేరు కూటములు కలవు. 1951లో బిల్ భార్య లోయిస్ మరియొక స్త్రీతో కలిసి దానిని స్థాపించెను. భర్త ఇంకను త్రాగుచున్నను భార్య అక్కడికి పోవచ్చును.

ఒకవేళ ఏ.ఏ.వారు వచ్చి వారమునకొక సాయంకాలము మన బడిగది అడిగినయెడల ఇయ్యుడి. వారు బయటివారి కానుకలు పుచ్చుకొనరు, కొద్దిపాటి అద్దె ఇచ్చెదమందురు. దానిని కాదనక తీసికొని తాళపుచెవి అప్పగించుడి. ఆ సాయంకాలము ఎవరెవరు వచ్చిరో చూచుటకు పెద్దలెవరును అరుగుమీద కూర్చుండకుందురు గాక.