అనారోగ్యాన్ని దాచుకునే ప్రాణికి శుశ్రూష

శుశ్రూషను దయాగుణంతో ముడిపెట్టి చెప్పడం లోకంలో వాడుక. అయితే దయ కలిగినవారందరికీ శుశ్రూష చేతనవుతుందని అనుకోవడానికి లేదు. కంటికి కనిపించినదాన్ని ఊహతో కలపకుండా గుర్తుపెట్టుకునే గమనిక, ఏదో ఒకటి చేసేయాలన్న తొందరను అణచుకునే నిగ్రహం తోడైనప్పుడే ఆ దయ రోగికి అక్కరకు వస్తుంది. హైదరాబాదులోని ప్రగతి నగర్ వంటి కాలనీలలో, హైటెక్ సిటీ ఉద్యోగాలకు పొద్దున్నే బయలుదేరి రాత్రికి ఇల్లు చేరే తల్లిదండ్రులు, కుక్కను పెంచే తీరిక లేక, పిల్లల కోరికను కాదనలేక గినీ పిగ్‌ను తెచ్చుకున్నప్పుడు, దీనితో పెద్ద పని ఉండదన్న నమ్మకంతోనే తెచ్చుకుంటారు. ఆ ప్రాణికి జబ్బు చేసిన రోజున వారి గమనికకూ నిగ్రహానికీ ఒకేసారి పరీక్ష ఎదురవుతుంది.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతాల ప్రజలు వేల ఏళ్ల కిందటే మచ్చిక చేసుకున్న ఈ జంతువు, స్వభావరీత్యా ఇతర జంతువులకు ఆహారమయ్యే జాతికి చెందినది కనుక, నీరసాన్ని బయటపెట్టుకుంటే వేటాడే జంతువు కంట పడతానన్న సహజప్రేరణతో జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. అందువల్ల అది మూలుగుతుందనో, దగ్గరకు వచ్చి చెప్పుకుంటుందనో ఎదురుచూసేవారికి ప్రమాదం ముదిరిన తర్వాతే సంగతి తెలుస్తుంది. బోనులో ఎండుగడ్డి నిన్నటిలాగే మిగిలిపోవడం, పెంటికలు చిన్నవై సంఖ్య తగ్గడం, వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఒక మూల ముడుచుకు కూర్చోవడం వంటివి తొలి సూచనలు. వీటన్నిటికంటే నమ్మదగినది బరువు. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు మీద రోజూ ఒకే వేళకు తూచి పుస్తకంలో రాసిపెట్టుకుంటే, సాధారణంగా 700 నుంచి 1200 గ్రాముల మధ్య తూగే ఈ ప్రాణి యాభై అరవై గ్రాములు తగ్గిన సంగతిని, కంటికి ఏ తేడా కనిపించకముందే ఆ అంకె చెబుతుంది. తమ అభిప్రాయం కంటే తాము రాసుకున్న అంకెను నమ్మగలగడం చిన్న విషయమేమీ కాదు. బాగానే ఉంది, రేపు చూద్దాం అని మనసు చెప్పే మాటకు ఆ అంకె అక్కడే అడ్డు పడుతుంది.

ఆ రేపటికి ఎందుకు ఆగకూడదో తెలుసుకోవాలంటే దాని జీర్ణక్రియ అర్థం కావాలి. గినీ పిగ్ తిన్న పీచు పదార్థం అంధనాళంలో, అంటే చిన్నపేగు పెద్దపేగును కలిసేచోట సంచిలా ఉండే భాగంలో, కోట్లాది సూక్ష్మజీవుల సాయంతో పులిసి పోషకాలుగా మారుతుంది. మేత ఆగిపోతే పేగుల కదలిక మందగిస్తుంది, లోపల వాయువు చేరుతుంది, ఆ నొప్పికి ప్రాణి మరింతగా మేత మానేస్తుంది. ఈ విషవలయం ఒక్క రోజులో ప్రాణాంతకం కావచ్చు. అందుకే వైద్యులు కడుపు ఉబ్బరాన్ని పరీక్షించి, పేగులకు అడ్డంకి లేదని నిర్ధారించుకున్నాక, పీచు ఎక్కువగా ఉండే పొడిని నీటిలో కలిపి సిరంజితో పట్టమంటారు. వెల్లకిలా పడుకోబెట్టకుండా, ఒడిలో నాలుగు కాళ్ల మీద నిలకడగా కూర్చోబెట్టి, ముందుపళ్ల వెనుక పక్కనుంచి కొద్దికొద్దిగా పట్టి, నమిలి మింగిందని చూసుకున్నాకే మళ్లీ పట్టాలి. తొందరపడితే ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాత్రివేళ కూడా కొన్ని గంటలకొకసారి చేయవలసిన ఈ పనిలో ఆఫీసు అలసటను, విసుగును చేతివేళ్ల దాకా రానివ్వకుండా ఉండడమే నిగ్రహానికి అసలైన శిక్షణ.

ఈ ప్రాణికీ మనిషికీ ఒక లోటు ఉమ్మడిగా ఉంది: రెండూ విటమిన్ సిని శరీరంలో తయారు చేసుకోలేవు. 1907లో నార్వే శాస్త్రవేత్తలు ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ గినీ పిగ్‌లకు ధాన్యం మాత్రమే పెట్టినప్పుడు వాటికి స్కర్వీ, అంటే చిగుళ్ల నుంచి రక్తం కారి కీళ్లు నొప్పెట్టే వ్యాధి, వచ్చింది. ఆ తర్వాత హంగరీలో శాస్త్రవేత్త సెంట్-జార్జి బృందం 1932లో ఆ లోటును తీర్చే పదార్థాన్ని నిర్ధారించింది కూడా ఈ జంతువుల మీద చేసిన ప్రయోగాలతోనే. మానవజాతి వాటికి పడిన రుణం పెద్దదని ఇక్కడ ఒప్పుకోవడం న్యాయం. ఆరోగ్యంగా ఉన్న గినీ పిగ్‌కు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి, జబ్బులో అంతకంటే ఎక్కువ అవసరపడుతుంది. వంద గ్రాముల ఎర్ర క్యాప్సికమ్‌లో ఇది వంద మిల్లీగ్రాములకు పైగా దొరుకుతుంది. జామపండులో ఇంకా ఎక్కువే అయినా చక్కెర కారణంగా చిన్న ముక్కతో సరిపెట్టాలి. నీటిలో కలిపిన విటమిన్ త్వరగా చెడిపోతుంది కనుక ఆ పద్ధతి మీద ఆధారపడకూడదు.

తెలుగు ఇళ్లలో మిగిలిపోయిన మాత్రలు దాచుకుని, జ్వరమొస్తే మళ్లీ వాడుకునే అలవాటు ఉంది. గినీ పిగ్ విషయంలో ఆ అలవాటు దాని ప్రాణాల మీదికి తెస్తుంది. మనుషులకు మామూలుగా రాసే అమాక్సిసిలిన్, పెన్సిలిన్ వంటి యాంటీబయాటిక్‌లు నోటి ద్వారా పడితే, అంధనాళంలోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి, విషాన్ని విడుదల చేసే క్లాస్ట్రిడియం జాతి బాక్టీరియా విజృంభిస్తుంది. ప్రేమతో ఇచ్చిన మందు చంపగలదన్న ఈ వాస్తవం ముందు, తెలియనప్పుడు చేయి ఆపుకోవడం కూడా ప్రేమలో భాగమేనని ఒప్పుకోవలసి వస్తుంది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల, నారాయణగూడ పశువైద్యశాల నగరంలో ఉన్నా, ఇంత చిన్న జంతువులకు చికిత్స చేసే అనుభవం గల వైద్యులు ఎక్కడున్నారో ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ఫోను చేసి కనుక్కోవడం వివేకం.

హైదరాబాదు ఏప్రిల్, మే ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి; ఈ ప్రాణికి 28 డిగ్రీలు దాటితేనే వడదెబ్బ ప్రమాదం మొదలవుతుంది. కనుక బోనును బాల్కనీలో ఉంచకూడదు, అందరూ ఆఫీసుకు, బడికి వెళ్లిన మధ్యాహ్నం గది చల్లదనాన్ని ఎవరు చూడాలో ముందే తేల్చుకోవాలి. పిల్లలకు బరువు రాసే పని అప్పగించడం మంచిదే, కానీ బాధ్యత పెద్దవారిదే అయి ఉండాలి.

కోలుకునే దశలో చాలామంది సంరక్షకులు తడబడతారు. తన చేతి మేతతోనే ప్రాణి బతుకుతోందన్న భావన మనిషికి తృప్తినిస్తుంది, ఆ తృప్తిని వదులుకోవడం కష్టం. కానీ సిరంజితో కడుపు నిండిన ప్రాణి గడ్డి జోలికి పోదు, గడ్డి నమలకపోతే జీవితాంతం పెరుగుతూనే ఉండే దాని పళ్లు అరగక వంకరపోయి, ఈసారి పళ్ల వల్లనే మేత మానేస్తుంది. అందువల్ల బరువు నిలకడపడి, గరికను, ఎండుగడ్డిని తానే అందుకోవడం కనిపించగానే, వైద్యుల సలహాతో చేతి మేతను పూటకు కొంత చొప్పున తగ్గిస్తూ రావాలి. తూచి రాసే పుస్తకాన్ని మాత్రం ఆ తర్వాత కూడా కొన్ని వారాలపాటు మూయకూడదు.